నిద్రపోని స్పీకర్లు

మిషను ఆగిపోయిందని మొదట గమనించింది వంటమనిషి గంగాభవాని.

ఆదివారం మధ్యాహ్నం. లైనుకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి రేపల్లెలో కరెంటు తీసేశారు. బసవేశ్వరరావు మాస్కు పెట్టుకొని పడుకున్నాడు. ఆయన ఊపిరితిత్తులు సగానికి పైగా చెడిపోయాయి. మాస్కులోకి గాలి తోసే మిషను లేకుండా కునుకు కూడా తీయకూడదని, తీస్తే ఆ నిద్రలోంచి లేవకపోవచ్చని గుంటూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఇంట్లో కొత్త ఇన్వర్టరు, కొత్త బ్యాటరీ. పొద్దున కరెంటు పోతే చీకటి పడేదాకా మిషనూ ఫ్యానూ నడుస్తాయని, వాటిని అమ్మిన ప్రణీత్ హామీ ఇచ్చాడు.

నడవలేదు. అన్నం గిన్నెలు కడగడం పూర్తికాకముందే ఇన్వర్టరు కీచుమని అరిచి చచ్చిపోయింది.

"అమ్మగారూ! పెద్దాయన గోళ్లు నీలంగా అయిపోయినయ్యండీ!"

కుసుమకుమారి పరుగెత్తుకొచ్చేసరికి గంగాభవాని ఆయన మాస్కు పీకేసి, రెండు చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెడుతోంది. చెంపలు తడుతోంది. పేరు పెట్టి పిలవకూడని మనిషిని పేరు పెట్టి పిలుస్తోంది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచాడు.

"ఏంటే కుసుమా, యముడొచ్చాడా?"

"వచ్చి, గంగ అరుపులకి జడిసి పోయాడు. మాట్లాడకండి."

ఆయన నవ్వబోయి దగ్గాడు. కరెంటు వచ్చేదాకా ఇద్దరూ ఆయన్ని పడుకోనివ్వలేదు.

మర్నాడే ప్రణీత్ తెనాలి నుంచి వచ్చి బ్యాటరీ పరీక్షించాడు. బసవేశ్వరరావు తమ్ముడి కొడుకు అతను. "బ్యాటరీ గుర్రంలా ఉంది పెద్దమ్మా. కరెంటు పోయినప్పుడు ఎవరో ఏదో వాడుతున్నారు, చూసుకో," అని బండెక్కాడు.

ఎవరో ఏదో వాడుతున్నారు. ఆ మాట కుసుమకుమారి చెవిలో పడితే ఇక ఊరుకుంటుందా? గుడిలో కొబ్బరికాయ కొట్టిస్తే, తిరిగి ఇచ్చిన చిప్ప తన కాయదో కాదో పీచు చూసి పోల్చుకునే మనిషి ఆమె. ఇప్పుడు ప్రమాదంలో ఉన్నది కొబ్బరిచిప్ప కాదు, మొగుడి ఊపిరి. ఇంకోసారి ఎక్కువసేపు కరెంటు పోయేలోపు ఆ దొంగెవరో తేలాలి.

ఇల్లంతా గాలించింది. పెరటి వసారాలో, బియ్యం డబ్బా వెనక, గోనెసంచి కప్పిన బ్యాటరీ ఒకటి దొరికింది.

"గంగా! ఇదేంటే?"

"మా ఆయన పడవ బ్యాటరీ అండి," అంది గంగాభవాని. ఆమె భర్త సింగరయ్య నిజాంపట్నం నుంచి సముద్రం మీదికి వేటకెళ్తాడు. "మా పల్లెలో నాలుగు రోజుల్నించీ కరెంటు సరిగా ఉండట్లేదు కదండీ. పెద్దాయనే ఇక్కడ ఛార్జింగు పెట్టుకోమన్నారండి. ఒకే ఒక్కసారి పెట్టానండి. ఆదివారం కాదండి."

"పెద్దాయన మీద పెట్టేస్తే సరిపోయిందా? నేనడిగితే ఆయన ఔననే అంటాడు. ఎవరు ఏం చేసినా తనే చేయమన్నానంటాడు."

"అడగండి మరి."

"నాకు దారి చూపిస్తున్నావా? మొన్న ఆయనకి రాత్రంతా దగ్గు వచ్చిందని లిఖితకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. నువ్వు కాక ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

లిఖిత ఈ దంపతుల ఒక్కగానొక్క కూతురు. బాపట్లలో లెక్చరరు. వారంగా ఆమె ఫోను చేసినప్పుడల్లా కుసుమకుమారికి ఒళ్లు మండుతోంది. ఇంట్లో జరిగింది అమ్మ చెప్పకముందే కూతురికి తెలిసిపోతోంది.

గంగాభవాని చేతులు కొంగుకు తుడుచుకుంది. "లిఖితమ్మ నంబరు నా దగ్గర లేదండి. కరెంటు దొంగనీ నేనే, చాడీల దాన్నీ నేనే. ఇంకేమన్నా మిగిలితే అదీ నా నెత్తినే వేసేయండి, ఒకేసారి మోసుకుపోతాను."

"పో. రేపట్నించి రావద్దు."

బ్యాటరీని చంకనెత్తుకొని ఆమె వెనక గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

ఇంట్లో దొంగ లేదు కాబట్టి ఇక భయం లేదనుకుంది కుసుమకుమారి. అనుకున్న వారంలోనే కాసేపు కరెంటు పోయింది. ఆమె ఇన్వర్టరు ముందే పీట వేసుకొని కూర్చుంది. బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపే పచ్చదీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఇంట్లో నడుస్తున్నది మిషను, ఒక ఫ్యాను, దేవుడి గదిలో చిన్న బల్బు. అంతే. దీపాలు మాత్రం అంతకు రెండింతలు వాడుతున్నట్టు ఆరుతున్నాయి.

సాయంత్రం లిఖిత ఫోను. "గంగాభవానిని ఎందుకు మాన్పించావమ్మా?"

కుసుమకుమారి ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "నీకెవరు చెప్పారు?"

 "మాణిక్యమ్మ పిన్ని," అంది లిఖిత.

ఫోను పెట్టేసి కుసుమకుమారి నేరుగా పక్కింటికి వెళ్లింది. మాణిక్యమ్మ కందిపప్పు చెరుగుతోంది.

"లిఖితకా? నేనా? దాని గొంతు విని నెలయింది తల్లీ," అంది. "అయినా మీ ఇంటి గుట్టు నాకు తెలిసేడిస్తే కదా, ఒకరికి చెప్పడానికి!"

కూతురు అబద్ధమాడింది. ఎవరినో కాపాడుతోంది. ఇంట్లో గంగాభవాని లేదు. అయినా ఇంటి మాటలు బయటికి పోతున్నాయి. ఇన్వర్టరులోంచి కరెంటు పోతోంది. రెండూ ఒకే కన్నంలోంచి పోతున్నాయా?

మర్నాడు మాణిక్యమ్మను బసవేశ్వరరావు దగ్గర కూర్చోబెట్టి, కుసుమకుమారి తెనాలి రైలెక్కింది. ప్రణీత్‌కి ఫోను చేస్తే సరిపోయేది. కాని ఫోనులో మనిషి ముఖం కనిపించదు. బ్యాటరీలు అమ్మడమే కాదు, ఇంట్లో స్పీకర్లు బిగించింది కూడా అతనే. కరెంటుతో నడిచేవీ, గొంతులు మోసేవీ ఇంట్లో అవే. హాల్లో రెండు, పడగ్గదిలో ఒకటి, నేల మీద నల్లటి బేస్ పెట్టె. వైర్లు లేకుండా ఫోనుతోనే పాటలు వస్తాయని, నాన్న పాత పాటలు వింటాడని, వేసవిలో లిఖితే కొనిపించింది.

బోసు రోడ్డు పక్క సందులో ప్రణీత్ కొట్టు. పెద్దమ్మను చూడగానే కూల్‌డ్రింకు తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఆ స్పీకర్లు కరెంటు ఎంత తింటాయిరా?"

"పాట పెడితే కొంచెం. పాట లేనప్పుడు స్టాండ్‌బైలో నిద్రపోతాయి. అప్పుడు దోమ తాగినంత."

"నిద్రపోకపోతే?"

"ఎందుకు పోవు?"

"నేనడిగింది చెప్పు."

ప్రణీత్ తల గోక్కున్నాడు. "ఎవరన్నా ఫోనుతో పట్టుకొని ఉంటే నిద్రపోవు. నాలుగూ జత కట్టి ఉన్నాయి కాబట్టి ఒక్కదాన్ని పట్టుకుంటే నాలుగూ మేలుకుంటాయి. అప్పుడు పెదనాన్న మిషను తిన్నంత తింటాయి. కరెంటు ఉన్నప్పుడు అదో లెక్క కాదు. ఇన్వర్టరు మీద అయితే..." మాట మధ్యలో ఆపాడు. "ముట్టుకొని చూడు పెద్దమ్మా. నిద్రపోతుంటే చల్లగా ఉంటాయి. వెచ్చగా ఉంటే మెలకువగా ఉన్నట్టే."

"పట్టుకొని ఏం చేస్తారు?"

"పాట పెట్టొచ్చు. మాట్లాడొచ్చు. పడగ్గదిలో దానికి మైకు కూడా ఉంది, కావాలంటే వినొచ్చు."

కుసుమకుమారి అతని కళ్లలోకి చూసింది. "నువ్వు వింటున్నావా?"

"నేనా? ఏం వినాలి పెద్దమ్మా మీ ఇంట్లో? పెదనాన్న గురక, నీ తిట్లు! ఆ రెండూ మా ఇంట్లో ఊరికే దొరుకుతయ్యి." ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చూసుకో."

ఆమెకు ఆ ఫోనులో ఏమీ అర్థం కాలేదు. అతని ముఖంలో మాత్రం భయం లేదు. నిజం చెప్పేవాడి ముఖం అలాగే ఉంటుంది. అబద్ధం బాగా చెప్పేవాడిదీ అలాగే ఉంటుంది. ఆ సంగతే ఆలోచిస్తూ రైలెక్కింది.

రైలు పెట్టెలో అందరి నోటా తుపాను మాటే. నిజాంపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారట. రేపు సముద్రం ఒడ్డు పల్లెలను ఖాళీ చేయిస్తారట. గాలి మొదలవకముందే కరెంటు తీసేస్తారట, మళ్లీ ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలట. కుసుమకుమారి కిటికీలోంచి వరిచేలను చూస్తూ కూర్చుంది.  

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా హాల్లో బేస్ పెట్టె మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా.

పాట లేదు. హాల్లో మనుషులు లేరు. అయినా పెట్టె మేలుకొని ఉంది. ఎవరో వింటున్నారు, ఈ క్షణంలో కూడా. ఆమె దాని కరెంటు వైరు వెంట నడిచింది. గోడకు బిగించిన తెల్లటి గొట్టంలోంచి ఆ వైరు గుమ్మం దాటి దేవుడి గదిలోకి పోయింది. అక్కడ మందిరం వెనక్కి దూరింది. పిన్ను ఎక్కడా చేతికందదు. పైకి కనిపించేది స్విచ్చి ఒక్కటే, వేంకటేశ్వరస్వామి పటం మీద వెలిగే ఎర్ర బల్బుది. మిగతా మూడింటి వైర్లూ అక్కడికే చేరాయి. నాలుగు స్పీకర్లూ ఆ స్విచ్చి మీదే ఉన్నాయి.

 ఈ ఇంట్లో ఎవరూ ఆపని స్విచ్చి అదొక్కటే. గృహప్రవేశం నాడు వెలిగించిన బల్బు అది. మాడిపోతే మార్చారే తప్ప, ఊళ్లకు వెళ్లినప్పుడు కూడా ఆపలేదు. కరెంటు పోయినా స్వామి చీకట్లో ఉండకూడదని ఆ బోర్డును ఇన్వర్టరు లైనులో కలిపించింది తనే. వైరు అక్కడి నుంచి లాగినవాడికి ఈ ఇంటి ఆచారం తెలుసు. బయటివాడు కాదు.

స్విచ్చి దాకా చెయ్యి వెళ్లింది. ఆగింది. స్వామి బల్బు. అదొక కారణం. ఇప్పుడు ఆపేస్తే వినేవాడు జారిపోతాడు. అది రెండోది. పట్టుకోవాలి.

తెల్లవారేసరికి గాలి మొదలైంది. అరటి ఆకులు చీలికలు పేలికలై కొట్టుకుంటున్నాయి. బసవేశ్వరరావు ఇడ్లీ తిని, మాత్రలు మింగి, మాస్కు పెట్టుకోబోతున్నాడు. కుసుమకుమారి పడగ్గదిలో స్పీకరు కింద నిలబడి, గొంతు పెంచింది.

"ఏవండీ! ఆ పొద్దుటి మాత్రలు ఇక మానేద్దాం. మీ నీరసమంతా వాటితోనే. డబ్బా తీసి చెత్తలో పారేశాను!"

ఆయన మాస్కు పక్కకు లాగాడు. "ఇందాకే మింగాను కదే..."

ఆమె ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లతో 'ఉష్' అంది. ఆయన కళ్లు పెద్దవి చేసుకొని చూశాడు, దీనికి మతి పోయిందా అన్నట్టు.

ఫోను మోగింది.

ఫోనులో పేరు చూసి కుసుమకుమారి మంచం అంచున కూర్చుంది. ప్రణీత్ కాదు.

"అమ్మా, ఊరికే చేశాను," అంది లిఖిత.  "నాన్న మాత్రలు వేసుకున్నాడా? డబ్బా ఎక్కడుంది? ఒకసారి చూసి చెప్పు."

"లిఖితా..."

ఫోను తెగిపోయింది. ఫ్యాను ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. కరెంటు పోయింది, ఇన్వర్టరు అందుకుంది. కుసుమకుమారి మళ్లీ మళ్లీ నంబరు నొక్కింది. సిగ్నలు లేదు. కిటికీ అవతల ఎక్కడో రేకు ఎగిరిపడిన చప్పుడు.

ఇన్వర్టరు మీద పచ్చదీపాలన్నీ వెలుగుతున్నాయి. చూస్తుండగానే మొదటిది ఆరిపోయింది. ఈ కరెంటు ఈ రోజు రాదు. రేపు కూడా రాకపోవచ్చు. ఇంత గాలిలో ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయే బండి దొరకదు.

గోడ మీద వైఫై పెట్టె మాత్రం ఇంకా మిణుకుమిణుకుమంటోంది. ఫోను పోయినా ఆ దారి తెరిచే ఉంది.

ఆమె స్పీకరు వైపు తిరిగింది.

"లిఖితా. వింటున్నావని తెలుసు. మాట్లాడు."

 గాలి హోరు మధ్య గోడ మీద స్పీకరులోంచి కూతురి గొంతు వచ్చింది. బసవేశ్వరరావు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు.

"వింటున్నానమ్మా."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాన్నకి మిషను పెట్టినప్పటి నుంచి. నువ్వు ఏది అడిగినా బాగానే ఉన్నాడంటావు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా నాకు ఇంటికొచ్చాక చెప్పావు. నిన్ను నమ్మలేకపోయాను. క్లాసులో ఉన్నా సరే, జేబులో ఫోను, చెవిలో నాన్న మిషను చప్పుడు. అది వినపడుతుంటే ధైర్యంగా ఉండేది."

"దేవుడి గది స్విచ్చి నువ్వే చూపించావా ప్రణీత్‌కి?"

"మందిరానికి రంగులేయించిన రోజు. అదైతే నువ్వు ఆపవని."

కుసుమకుమారి స్పీకరుకు దగ్గరగా జరిగింది. "గంగాభవాని బ్యాటరీ?"

 "నాన్నే పెట్టుకోమన్నాడు. విన్నాను. అదొక్కసారే. ఆదివారం కాదు."

"విని కూడా నోరు మూసుకున్నావా? దాన్ని దొంగని చేసి పంపించాను!"

"చెబితే నీకెలా తెలుసని అడుగుతావుగా అమ్మా."

ఇన్వర్టరులో ఇంకో పచ్చదీపం ఆరింది.

"విను లిఖితా," అంది కుసుమకుమారి. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "ఈ మిషను ఎందుకు ఆగిపోతోందో నిన్న ప్రణీత్ చెప్పాడు. నువ్వు వింటున్నంతసేపూ ఈ పెట్టెలు నిద్రపోవు. కరెంటు లేనప్పుడు మీ నాన్న మిషనుకి రావాల్సింది ఇవి తాగేస్తున్నాయి. ఆదివారం ఆయన గోళ్లు నీలమైంది అందుకే."

అవతల చిన్న శబ్దం. ఏడుపో, నోరు మూసుకున్న చప్పుడో.

"నేనిప్పుడే ఫోను కట్టేస్తాను..."

"నువ్వు కట్టేసినా ఇవి మేలుకునే ఉంటే నాకేం తెలుస్తుంది? స్విచ్చి ఆపేస్తున్నాను. ఇక నీకు ఏమీ వినపడదు. తుపాను పోయేదాకా ఇక్కడ ఏం జరిగినా నీకు తెలియదు. నేను చెప్పేదాకా ఆగాలి. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెబుతాను."

బసవేశ్వరరావు మాస్కు ఎత్తాడు. "అమ్మలూ, నేను బానే..." అనబోయి భార్య ముఖం చూసి ఆగాడు. "పడుకుంటాను. నువ్వు జాగ్రత్త," అని మాస్కు వేసేసుకున్నాడు.

"ఆపెయ్యమ్మా," అంది లిఖిత. "తొందరగా ఆపెయ్."

దేవుడి గదిలో ఎర్ర వెలుగులో స్వామి పాదాలు కనిపిస్తున్నాయి. కుసుమకుమారి దణ్ణం పెట్టలేదు, క్షమించమని అడగలేదు. అంత తీరిక లేదు. స్విచ్చి నొక్కింది. పటం చీకట్లో కలిసిపోయింది. తుపాను మబ్బుకి ఇల్లంతా మసకేసి ఉంది; ఆమె గోడ తడుముకుంటూ పడగ్గదికి వచ్చి, ఫ్యాను కూడా తీసేసి, విసనకర్ర పట్టుకొని ఇన్వర్టరుకూ మంచానికీ మధ్య కూర్చుంది.

ఆ పగలూ ఆ రాత్రీ ఆమె విసురుతూనే ఉంది. దీపాలు ఆరుతున్నాయి కాని, ఈసారి ఒక దీపానికీ ఇంకో దీపానికీ మధ్య ఆమె రెండో చేతిలోని జపమాల పూర్తిగా తిరిగి, మళ్లీ మొదలై, మళ్లీ తిరిగింది. మిషను బుస్సుమంటూ, ఆగుతూ, బుస్సుమంటూ ఉంది. తెల్లారి గాలి తగ్గేసరికి ఇన్వర్టరు మీద ఒక దీపం మిగిలింది. బసవేశ్వరరావు లేచి, కాఫీ అడిగాడు.

రెండోసారి కాఫీ కాస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. కూలిన చెట్లు దాటుకుంటూ, చాలా దూరం పాల వ్యాను మీద, చివరి కాస్త నడిచి లిఖిత వచ్చింది. చీర మోకాళ్ల దాకా బురద. పడగ్గది గుమ్మంలో నిలబడి తండ్రి ఛాతీ లేవడం, పడడం చూసింది. లోపలికి అడుగుపెట్టబోయింది.

కుసుమకుమారి చెయ్యి పట్టుకొని ఆపింది. "ఆయన ఉన్నాడు. చూశావుగా. మాణిక్యమ్మ వస్తోంది, దగ్గర కూర్చుంటుంది. ముందు పద."

"ఎక్కడికి?"

"హైస్కూలుకి. పల్లెల వాళ్లందర్నీ అక్కడే పెట్టారు."

హైస్కూలు వరండాలో తడిసిన వలలు, మూటలు, పిల్లలు. గంగాభవాని ఒక మూల ఇటుకల పొయ్యి మీద గంజి కాస్తోంది. వీళ్లను చూసి లేచింది. కుసుమకుమారి నోరు తెరిచే లోపే అడిగింది, "పెద్దాయనకెట్టా ఉందండి? నిన్నంతా కరెంటు లేదుగా?"

"గండం గడిచింది. కాని ఆయన ఒంట్లో ఏమీ బాగాలేదు గంగా. రోజురోజుకీ తగ్గిపోతున్నాడు." ఆ మాట బయటికి చెప్పడం కుసుమకుమారికి అదే మొదటిసారి. పక్కన లిఖిత తల తిప్పి ఆమె వైపు చూసింది. "నీ తప్పేం లేదని తెలిసింది. నేనే..."

"ఎట్టా తెలిసిందండి?"

కుసుమకుమారి కూతురి వైపు చూసింది. ఈ మాట తను చెప్పకూడదు.

"నాకు ముందే తెలుసు గంగక్కా," అంది లిఖిత. "నాన్న పెట్టుకోమనడం నేను విన్నాను. ఆ స్పీకర్లలోంచి. అమ్మ నిన్ను తిట్టి పంపించడం కూడా విన్నాను."

గంజి పొంగుతోంది. గంగాభవాని చూడలేదు.

"అంతా వినీ ఊరుకున్నావా, లిఖితమ్మా?"

  గంగాభవాని లిఖిత ముఖంలోకి చూసి, వంగి, గంజి దించింది. గిన్నెల్లో పోసి పిల్లలకు అందించింది. చేతులు కడుక్కుంది. సింగరయ్యతో ఏదో చెప్పి వచ్చి, వాళ్ల ముందు నడక సాగించింది.

"పెద్దాయన కోసం వస్తున్నా," అంది వెనక్కి చూడకుండా. "మీ ఇద్దరితో మాట్లాడటానికి మాత్రం నాకు కొంచెం టైము పడుద్దండి."